పాత ఫిల్ములకు వెలుగు కొలత

ధవళేశ్వరము ఆనకట్టవద్ద గోదావరి నీటిమట్టమును తెలుపు కొలబద్ద యొకటి కలదు. మట్టము 11.75 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు రెండవ దానిని, 17.75 అడుగులకు మూడవ దానిని ప్రకటింతురు. నది పొంగినపుడెల్ల డెల్టా ప్రజలు ఆతురతతో వినునది ఆ అంకెలనే. 1986 ఆగస్టు నాటి వరదకును తరువాతి వరదలకును గల తారతమ్యమును మనము చెప్పగలుగుచున్నామన్నచో, ఆ బద్ద తన చోటు కదలకుండుటయే కారణము. నీరు పెరిగినదని బద్దను పైకి జరిపి, తగ్గినదని క్రిందికి దింపుచు పోయినయెడల అంకె ఎప్పుడును ఒక్కటిగానే కనబడును. వరద ఎంత వచ్చినదో మాత్రము ఎవ్వరికిని తెలియదు.

పాత చలనచిత్రములను స్కానరు అను యంత్రముపై నడిపి, అందలి బొమ్మలను అంకెలుగా మార్చి భద్రపరచు పని నేడు మన దేశమున సాగుచున్నది. ఆ పనిలోను ఇట్టి కొలబద్ద యొకటి కలదు. దాని పేరు ఎక్స్‌పోజరు. అనగా, బొమ్మను చదువుటకై ఫిల్ముగుండ పంపు వెలుగు మోతాదు. చూచుటకు ఇది యంత్రముపై నొక చిన్న మర. కాని తెలుగు చలనచిత్ర చరిత్రలో మిగిలియున్న కొలదిపాటి సాక్ష్యము చెడక మన మనుమల చేతికి అందునా, అందదా అను ప్రశ్న చాలవరకు ఆ మరపై ఆధారపడియున్నది. ఈ కథను గోదావరి తీరమునుండి మొదలిడుట ఉచితము; ఏలయన, తెలుగు చలనచిత్రమునకు వెలుగు చూపినవారిలో పలువురు ఈ తీరమువారే.

ఏ చలనచిత్రమునకైనను పుట్టుకలోనే రెండు వెలుగులు కలవు. మొదటిది కెమెరాలోనికి పోయిన వెలుగు. దాని వలన నెగటివ్ ఏర్పడును. రెండవది, ఆ నెగటివ్‌గుండ మరియొక ఫిల్ముపై పడిన వెలుగు. దాని వలన సినిమాహాలులో ఆడు ప్రింటు ఏర్పడును. స్కానరు వెలుగు మూడవది. మొదటి రెండును కళాకారుల నిర్ణయములు. మూడవది నిర్ణయము కారాదు, కొలత మాత్రమే కావలెనని మేము ఇచ్చట చెప్పదలచినాము.

మొదటి వెలుగు కథను చూతము. కాకినాడకు చెందిన చిత్తజల్లు పుల్లయ్యగారు 1920ల దశకమున స్వంత కెమెరాతో తమ ఇంటనే 'మార్కండేయ' అను చిన్న మూకీచిత్రమును తీసి, యముని వేషమును తామే ధరించిరి. వీరే 1934లో కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షమున 'లవకుశ'ను తీసి, పల్లెప్రజలు బండ్లు కట్టుకొని సినిమాకు తరలివచ్చునట్లు చేసిరి. ఆ రోజులలో తెలుగు చిత్రము తీయవలెనన్న కలకత్తాకో, బొంబాయికో, మద్రాసుకో పోవలసియుండెడిది. ఆ లోటును తీర్చుటకై 1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరమున దుర్గా సినీటోన్ అను స్టూడియోను నెలకొల్పిరి. ఆంధ్రదేశమున వెలసిన మొదటి స్టూడియో ఇదియే యని ప్రసిద్ధి. అచ్చటినుండి 'సంపూర్ణ రామాయణము' వెలువడినది.

ఆనాటి ఛాయాగ్రాహకుని చేతిలో సాధనములు చాల తక్కువ. కాంతిని విద్యుత్తుగా మార్చి సూచికపై చూపు తొలి మీటరులలో ఒకదానిని అమెరికాలోని వెస్టన్ సంస్థ 1932లో విక్రయమునకు తెచ్చినది. అంతకుముందు కన్నే మీటరు, అనుభవమే పట్టిక. మూకీల కాలపు ఫిల్ము చాలవరకు ఎరుపును గుర్తింపదు. ఎర్రచీర నల్లగాను, నీలాకాశము తెల్లగాను పడెడివి. ఉదయపు టెండకును మిట్టమధ్యాహ్నపు టెండకును తేడా నెరిగి, కెమెరా కంటిని ఎంత తెరవవలెనో ఊహించి పనిచేసిన ఆ మనుష్యుల నేర్పు నేడు ఎచ్చట కలదు? ఏ గ్రంథమునందును లేదు. వారు తీసిన ఫిల్మునందలి నలుపు తెలుపుల హెచ్చుతగ్గులలోనే కలదు.

ఆ హెచ్చుతగ్గులకు శాస్త్రమున సాంద్రత యని పేరు. ఇంగ్లండులో హర్టరు, డ్రిఫీల్డు అను ఇరువురు మిత్రులు 1890లో ప్రకటించిన పరిశోధన దీనికి పునాది. ఫిల్ముపై పడిన వెలుగులో పదవవంతు మాత్రమే ఆవలికి వచ్చినచో సాంద్రత 1. నూరవవంతు వచ్చినచో 2. వేయవవంతు వచ్చినచో 3. సగము వచ్చినచో సుమారు 0.3. వెలుగునకును నలుపునకును గల సంబంధమును ఒక వక్రరేఖగా గీసి చూపి, ఛాయాగ్రహణమును ఊహనుండి కొలతలోనికి తెచ్చినవారు వీరే. నేటి స్కానరు చేయునదంతయు ఈ సాంద్రతను చుక్క చుక్కగా కొలుచుటయే.

ఇక రెండవ వెలుగు. నెగటివ్‌నందు అన్ని దృశ్యములును సమముగా నుండవు. ఒకటి ఎండలో తీసినది, ఒకటి నీడలో తీసినది. ప్రింటు తీయునపుడు లేబొరేటరీలోని నిపుణుడొకడు ప్రతి దృశ్యమునకును ఎంత వెలుగు ఇయ్యవలెనో అంకెలలో వ్రాసెడివాడు. 1961లో వచ్చిన బెల్ అండ్ హోవెల్ యంత్రముపై ఈ అంకెలు 1 నుండి 50 వరకు నుండెడివి. 12 అంకెలు పెరిగిన వెలుగు రెట్టింపగును. దర్శకుని మనస్సులోని రాత్రి ఎంత చీకటిగా నుండవలెనో, వెన్నెల ఎంత పలుచగా నుండవలెనో నిర్ణయించినది ఈ రెండవ వెలుగే. కావున నెగటివ్ ఒక సాక్షి, ప్రింటు మరియొక సాక్షి. నెగటివ్ ఛాయాగ్రాహకుడు పట్టినదంతయు చెప్పును. ప్రింటు ఆ నాటి ప్రేక్షకుడు చూచిన దానిని చెప్పును. చరిత్రకు రెండును కావలెను.

ఐతే ఈ సాక్షులలో ఎందరు బ్రతికియున్నారు? మచిలీపట్టణమునకు చెందిన రఘుపతి వెంకయ్యగారి సంస్థనుండి 1921లో వెలువడిన 'భీష్మప్రతిజ్ఞ' నేడు లభ్యము కాదు. ఆ కాలపు దక్షిణదేశ మూకీచిత్రములలో మిగిలినవి బహు స్వల్పము. కారణములు పెక్కులు. 1950ల తొలినాళ్ల వరకు వాడుకలో నుండిన నైట్రేటు ఫిల్ము దూదిమందు వంటిది. నిప్పంటుకొన్నచో నీటిలోనైనను ఆరదు. 2003 జనవరిలో పూనాలో జరిగిన అగ్నిప్రమాదమున జాతీయ చలనచిత్ర భాండాగారమునకు చెందిన నైట్రేటు రీళ్లు వేలకొలది దగ్ధమైనవి. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిల్మునకు నిప్పు భయము తక్కువయైనను ఉక్కయు తేమయు పడవు. అది పులిసిన కాడి వాసన కొట్టుచు ముడుచుకొని పోవును. మన డెల్టా గాలి దానికి శత్రువు. ఇవిగాక, ఆట ముగిసిన ప్రింట్లనుండి వెండిని తీసికొనుటకై కరిగించినవారును కలరు. నలుపు తెలుపు ఫిల్ముపై నలుపంతయు వెండియే కదా!

ఇట్టి స్థితిలో ఒక రీలు స్కానరుపై ఎక్కినదన్న, అది తుదిసారి కావచ్చును. పదియేండ్ల తరువాత మరల ఎక్కింతమన్నచో, ఫిల్ము ముడుచుకొనిపోయి పళ్లచక్రమునకు పట్టకపోవచ్చును. అందుచేతనే ఆనాడు ఇచ్చిన వెలుగు మోతాదు సరియైనదా, కాదా అనునది కేవలము యంత్రము నడుపువాని చింత కాదు.

స్కానరు పని ఇట్టిది. ఒకవైపు దీపము, మరియొకవైపు కాంతిని అంకెగా మార్చు కన్ను, నడుమ ఫిల్ము. ఆ కంటికి ఒక పై హద్దును, ఒక క్రింది హద్దును కలవు. పై హద్దును మించిన వెలుగు ఎంతయైనను ఒకే అంకెగా నమోదగును. అందు తేడాలు మాసిపోవును. రికార్డింగు గదిలో శబ్దసూచిక ఎర్రగీతను దాటినపుడు గాయకుని కంఠము పగిలి వినబడుట మన రేడియో శ్రోతలు ఎరుగుదురు. ఆ పగిలిన ధ్వనిని తరువాత ఎంత తగ్గించినను తిరిగి శ్రావ్యము కాదు. వెలుగు విషయమునను అంతియే. క్రింది హద్దు వద్ద వేరొక చిక్కు కలదు. మరీ సన్నగిలిన వెలుగులో యంత్రము తన స్వంత గరగరనే బొమ్మగా నమోదు చేయును. దూరపు స్టేషను అందక రొద మాత్రమే వినబడినట్లు.

డెల్టా రైతునకు దీనిని మరియొక విధముగా చెప్పవచ్చును. కాలువ తలుపులు తక్కువగా ఎత్తినచో ఎగువ పొలములు తడిసినను శివారు భూములకు నీరందదు. మరీ ఎక్కువగా ఎత్తినచో శివారుకు నీరందును గాని ఎగువ పొలములు మునుగును. ఫిల్ములోని పలుచని భాగములు ఎగువ పొలములు. నల్లని భాగములు శివారు. వెలుగు అను నీరు రెండింటికిని చాలవలెను, దేనిని ముంచరాదు.

ఇచ్చట ఒక వింత కలదు. పనివారు సైతము తరచు తడబడు చోటు ఇదియే. నెగటివ్‌నందు అన్నియు తారుమారు. మనము చూచు చీకటి అందు పలుచగా నుండును. మనము చూచు తెలుపు అందు దట్టముగా నుండును. ఉదాహరణకు 1964లో వచ్చిన 'మూగమనసులు' చిత్రమును తలచుకొందము. రాజమహేంద్రవరమున జన్మించిన ఆదుర్తి సుబ్బారావుగారు గోదావరినే ఒక పాత్రగా చేసి తీసిన చిత్రమది, ఛాయాగ్రాహకులు పి.ఎల్. రాయ్‌గారు. నదిపై ఎండతళుకు, తెల్లని వస్త్రము, నల్లని పడవ, దాని నీడ ఇట్టి చిత్రమున ఒకే చట్రములో చేరును. నెగటివ్‌లో ఎండతళుకును తెల్లని వస్త్రమును కారునలుపు. పడవనీడ దాదాపు గాజువలె పారదర్శకము. స్కానరు వెలుగు హెచ్చినచో చెడునది తెలుపు కాదు, నీడ. పడవలోని చెక్కల గీతలు మాయమగును. వెలుగు తగ్గినచో చెడునది నీడ కాదు, తెలుపు. వస్త్రపు మడతలును అలల మీది మెరుపులును గరగరలో కలిసిపోవును. ప్రింటును స్కాను చేయునపుడు ఇది తిరుగబడును. కావున ఎదుట నున్నది నెగటివా, ప్రింటా అని తెలియక మరను త్రిప్పువాడు కుడియెడమలు తెలియని బండివానివంటివాడు.

అంకెలతో చూచినచో ఇది మరింత స్పష్టమగును. యంత్రపు కన్ను వెలుగును 4,096 మెట్లుగా విభజించునని యనుకొందము. ఏమియు అడ్డులేని వెలుగు పై మెట్టు. సాంద్రత 1 గల చోట సుమారు 410 మెట్లు మిగులును. సాంద్రత 2 గల చోట 41. సాంద్రత 3 గల చోట 4 మాత్రమే. నాలుగు మెట్లలో ఒక ముఖమును చిత్రించుట సాధ్యమా? వెలుగును సగమునకు తగ్గించి, తరువాత కంప్యూటరులో పెంచుకొందమన్న, ఉన్న ఆ నాలుగు మెట్లును రెండగును. మంచి నెగటివ్‌నందు సాంద్రతా విస్తారము సుమారు 2 లోపల నుండును గాని, ప్రింట్లలో 3 దాటుట సామాన్యము. అందుకే కొన్ని స్కానరులు ఒక్కొక్క చట్రమునకు రెండు లేక మూడు మెరుపుల నిచ్చును: ఒకటి పలుచని భాగములకై తక్కువగా, మరియొకటి దట్టమైన భాగములకై హెచ్చుగా. పిమ్మట రెండింటిని కలిపి ఒక్క బొమ్మగా కూర్చును. జర్మనీవారి ఆరీ స్కానరు ఈ జంటమెరుపు పద్ధతికి పేరొందినది.

ఈ కొలతకు తొలుత ఒక కట్టుబాటు నేర్పరచినది కొడాక్ సంస్థవారి సినియాన్ పద్ధతి. 1990ల ప్రారంభమున వచ్చిన ఈ పద్ధతిలో 0 నుండి 1,023 వరకు అంకెలు; ఒక్కొక్క అంకెకు సాంద్రతలో 0.002 తేడా. ఏ బొమ్మయు లేని ఉత్త ఫిల్మును, అనగా దాని మూలపు పొరను, 95వ అంకెవద్ద నిలిపిరి. తెల్లని వస్తువునకు 685వ అంకె. క్రిందను పైనను కొంత ఖాళీ వదలుటలోనే వారి వివేకము కలదు. 1937 నాటి డిస్నీవారి 'స్నో వైట్' చిత్రము 1993లో ఈ పద్ధతిననుసరించి సంపూర్ణముగా అంకెలలోనికి మారి, దోషములు తొలగి, తిరిగి ఫిల్ముపైకి వచ్చినది. రాజమహేంద్రవరమున దుర్గా సినీటోన్ దీపములు వెలిగిన కాలమునాటి చిత్రమే అదియు. దానికి లభించిన భాగ్యము మన తొలి చిత్రములలో పెక్కింటికి లభింపలేదు.

ఇపుడు మొదట చెప్పిన కొలబద్ద యొద్దకు వత్తము. సరియైన పద్ధతి ఇట్టిది: రీలును ముందు పరిశీలించి, అందు అన్నింటికంటె పలుచనైన ఉత్త ఫిల్ము ఎచ్చట కలదో కనుగొనవలెను. చట్రములకు నడుమనో, అంచునో అట్టి చోటు దొరకును. పళ్లరంధ్రమును ఆధారముగా గొనరాదు. అచ్చట ఫిల్మే లేదు. ఆ పలుచని చోటు పై హద్దునకు కొంచెము క్రిందుగా వచ్చునట్లు వెలుగును నిలిపి, మరను బిగించి, రీలు మొదటినుండి చివరి వరకు కదల్పకుండ నడుపవలెను. ఏ అంకెవద్ద బిగించితిరో కాగితముపై వ్రాసి స్కానుతోపాటు భద్రపరుపవలెను.

'ప్రతి దృశ్యమునకును యంత్రమే తగిన వెలుగును ఎంచుకొను సదుపాయము కలదు కదా, దానిని వాడరాదా?' అని కొందరడుగుదురు. ఇదియే బద్దను వరదతో పాటు జరుపుట. దృశ్యము క్రమముగా చీకటిలో కలిసి ముగియునట్లు దర్శకుడు తీసియుండును. యంత్రము చీకటి పెరిగినకొలది వెలుగును పెంచుచు పోవును, ముగింపు ముగియదు. ఒక్క దివ్వె వెలిగిన గది పట్టపగలగును. మెరుపు మెరసినచో మెరుపు చల్లబడి, తక్కిన దృశ్యము నల్లబడును. పిమ్మట, ఈ చీకటి ఛాయాగ్రాహకునిదా, లేబొరేటరీదా, స్కానరుదా అని ఎవ్వరును తేల్చలేరు. మూడు వెలుగులు కలిసి ముద్దయగును. కన్నుకు ఇంపుగా కనబడిన ప్రతి స్కానును మంచి స్కానని నమ్మరాదు. మంచి స్కాను తరచు చప్పగా, మసకగా కనబడును. ఏలయన అది చిత్రము కాదు, చిత్రపు కొలత.

వెలుగు మోతాదే కాక, దాని తీరును ముఖ్యమే. నలుపు తెలుపు ఫిల్ములోని వెండిరేణువులు తమపై పడిన కాంతిని నలువైపులకు చెదరగొట్టును. సూటిగా వచ్చు కిరణములతో చూచినచో నలుపు మరింత నలుపుగాను, గీతలు మరింత లోతుగాను కనబడును. పాలగాజు వెనుకనుండి వచ్చినట్టి మెత్తని వెలుగులో అట్లు కాదు. దీనిని 1909లో కాలియర్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. అందుచేత మెత్తని వెలుగే పాత ఫిల్మునకు హితము.

రంగుల చిత్రములకు వచ్చుసరికి చిక్కు మూడింతలగును. పుల్లయ్యగారు తొలి 'లవకుశ' తరువాత పాతికేండ్లకు అదే కథను రంగులలో తలపెట్టిరి. ధనాభావమున ఏండ్ల తరబడి సాగిన ఆ చిత్రమును వారి కుమారులు సి.ఎస్. రావుగారు పూర్తిచేయగా, 1963 మార్చిలో విడుదలయైనది. పెద్దాపురమునకు చెందిన అంజలీదేవిగారు అందు సీత. తెలుగున మొదటి పూర్తి రంగుల చిత్రముగా పేరుగన్న దానికి వాడినది గేవాకలర్ ఫిల్ము. ఆ కాలపు రంగుల ఫిల్ములలోని వర్ణములు వెండివలె నిలుకడగలవి కావు. మూడు వర్ణపు పొరలలో ఒకటి ముందుగా వెలసి, ప్రింటు మొత్తము ఎర్రబారుట మనము పాత సినిమాలలో చూచినదే. అట్టి ఫిల్మును స్కాను చేయునపుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులను వేరువేరుగా ఉత్త ఫిల్మునకు సరిచూచి బిగింపవలెను. వెలసిన రంగును అచ్చటనే సరిదిద్దుటకై ఒక వెలుగును విపరీతముగా పెంచినచో ఆ పొర పై హద్దును దాటిపోవును. వెలసినను మిగిలియున్న ఆ కాస్త వర్ణమును పోవును. చికిత్స తరువాత చేయవచ్చును. ముందు నాడి చూడనిండు.

శబ్దమునకు సైతము ఇదే ధర్మము. ఫిల్ము అంచున సన్నని దారిగా శబ్దరేఖ యుండును. ఒక పద్ధతిలో ధ్వని రేఖ వెడల్పుగా వ్రాయబడినది. మరియొక పద్ధతిలో నలుపు సాంద్రతయే ధ్వని. నేడు ఆ దారిని బొమ్మగా స్కాను చేసి, కంప్యూటరుచే చదివించి, పాటను తిరిగి రాబట్టుట సాధ్యము. ఐతే బొమ్మకు సరిపోయిన వెలుగు శబ్దరేఖకు సరిపోవునని నియమము లేదు. సాంద్రతయే ధ్వనియైన చోట మోతాదు తప్పినచో కంఠమే మారును. రేడియో విను మన బోటివారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ఈ పనికి గోదావరి సీమతో మరియొక బంధుత్వము కలదు. ఏలూరు సమీపమున సోమవరప్పాడులో జన్మించిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావుగారు, అనగా ఎల్.వి. ప్రసాద్‌గారు, హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలైన 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్తప్రహ్లాద' మూడింటను నటించిన అరుదైన వ్యక్తి. వానిలో 1931 నాటి 'ఆలం ఆరా' నేడు లభ్యము కాదు. దర్శకులుగా 'సంసారము', 'మిస్సమ్మ' వంటి చిత్రములను తీసి, 1982వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును పొందిన వీరు 1970లలో మద్రాసున ఫిల్ము లేబొరేటరీని స్థాపించిరి. ఆ సంస్థ కాలక్రమమున పాత చిత్రముల పునరుద్ధరణకు పేరుగాంచినది. జర్మనీలో స్కానరులను నిర్మించు డిజిటల్ ఫిల్మ్ టెక్నాలజీ అను సంస్థ తరువాత ఈ ప్రసాద్ సంస్థల అధీనమునకు వచ్చినది. తాను నటించిన తొలి టాకీని కాలము మ్రింగగా, తన పేరు గల సంస్థ ఇతరుల చిత్రములను కాలము నోటినుండి తప్పించు పనిలో నుండుట విశేషము కాదా?

ప్రభుత్వము సైతము ఊరకుండలేదు. 1964లో పూనాలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారము ఆధ్వర్యమున, 597 కోట్ల రూపాయల అంచనాతో జాతీయ చలనచిత్ర వారసత్వ పథకము ప్రారంభమైనది. 2022లో గోవా చలనచిత్రోత్సవమున పునరుద్ధరింపబడిన 'శంకరాభరణము'ను ప్రదర్శించిరి. రాజమహేంద్రవరము, అన్నవరము పరిసరములలో కొంత భాగము తీసిన ఆ 1980 నాటి చిత్రమునకు ఛాయాగ్రాహకులు బాలు మహేంద్రగారు. సహజకాంతిని ప్రేమించిన కళాకారులు. 2024లో అక్కినేని నాగేశ్వరరావుగారి శతజయంతి సందర్భమున 1953 నాటి 'దేవదాసు'ను అట్లే ప్రదర్శించిరి. పడమటి ఎండ పడిన అరుగుగాని, దేవదాసు ముఖముమీది నీడగాని ఛాయాగ్రాహకులు పెట్టినంతయే, పెట్టిన చోటనే యుండవలెనన్నచో ఆ మూడవ వెలుగు నిజాయితీగా నుండవలెను.

'ఐనచో పాత చిత్రమును అందముగా చేయుట తప్పా?' అని అడుగవచ్చును. తప్పు కాదు. 1957 నాటి 'మాయాబజార్'కు 2010లో రంగులద్ది విడుదల చేసిరి. మెచ్చినవారు మెచ్చిరి, మార్కస్ బార్ట్లేగారి నలుపు తెలుపు వెన్నెలయే తమకు చాలునన్నవారు అట్లే యనిరి. ఈ వివాదము సాధ్యమైనది నలుపు తెలుపు రూపము చెక్కుచెదరక మిగిలియుండుట వలననే. మూలము నిలిచిన, దానిపై ఎన్ని అలంకారములైనను చేసి, వలదనుకొన్నపుడు తీసివేయవచ్చును. మూలమునే అలంకరించి నిలిపినచో తిరిగి పోవుటకు దారి లేదు.

ఇదంతయు పెద్ద స్టూడియోల మాటయని మన పాఠకులు తలంపరాదు. ఉభయ గోదావరుల పాత లోగిళ్లలో ఎనిమిది, పదహారు మిల్లీమీటర్ల చిన్న రీళ్లు డబ్బాలలో ఉండవచ్చును: ఒక పెండ్లి ఊరేగింపు, పుష్కరస్నానము, పడవల రేవు, వరదనీటిలో నిలిచిన వీధి. సినిమాలకు రెండవ ప్రతియైనను దొరకవచ్చును. వీనికి ఆ ఆశ లేదు. వానిలో చాలవరకు నెగటివ్ లేని ఫిల్ములు. కెమెరాలో తిరిగిన రీలే తెరపై ఆడిన రీలు. అందువలన కారునలుపును కన్ను చెదరు తెలుపును పక్కపక్కనే యుండును. వీనిని స్కాను చేయించుటకు ఇచ్చునపుడు మూడు మాటలు అడుగుడు. వెలుగును బిగించి నడుపుదురా, యంత్రము ఇష్టమునకు విడుతురా? సరిదిద్దని మూలస్కానును విడిగా ఇత్తురా? ఏ మోతాదున చేసితిరో వ్రాసి ఇత్తురా? పని ముగిసిన పిమ్మట ఫిల్మును పారవేయవలదు. పొడిగా, చల్లగా నుండు చోట, తుప్పు పట్టని డబ్బాలో ఉంచుడు. నేటి యంత్రము చూడలేని దానిని రేపటి యంత్రము చూడవచ్చును.

శాసనములను ప్రతి తీయు పండితుడు శిలపై కాగితము నద్ది, సిరా మెత్తి, అక్షరము అరిగిన చోట అరిగినట్లే చూపును. తనకు తోచిన అక్షరమును అచ్చట చెక్కడు. తన ఊహను వేరుగా వ్రాసికొనును. రాజమహేంద్రవరపు చాళుక్యుల చరిత్ర మనకు లభించినది అట్టి నియమము గల చేతులవలననే. మన తొలి చిత్రములును నేటికి శాసనములే. శిలకు బదులు వెండి, ఉలికి బదులు ఎండ. వానిని చదువువాడు ముందుగా ఉన్నది ఉన్నట్లు చదువవలెను. మిగిలిన రీళ్లు కొన్నియే, మిగిలిన కాలమును కొంతయే. చేసెడి స్కాను ఒక్కసారియైనను తరువాతివారు నమ్మదగినదిగా చేయుదము.